నిమిషదీపం

బుగత మనిషి కాదు, చిలక. అదీ జామచెట్టు మీద వాలే ఆకుపచ్చ చిలక కాదు. బూడిదరంగు ఒళ్ళు, ఎర్రటి తోక, ఎదుటివాళ్ళను తూకం వేస్తున్నట్టు చూసే లేతపసుపు కళ్ళు ఉన్న ఆఫ్రికా చిలక. ఆ పేరు పెట్టింది ఎదురింటి అప్పలకొండమ్మ. పంజరం తలుపు తీసిన మొదటిరోజే అది హాలు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నింపాదిగా నడిచి, సోఫా ఎక్కి, అందరినీ ఓసారి కలయజూసి, రెట్ట వేసింది.

"ఈడెవుడే బాబూ, ఊరి బుగతలాగున్నాడు!" అందావిడ. ఆవిడ ఊరివైపు బుగత అంటే ఊళ్ళో పెద్ద భూస్వామి. పేరు అతికినట్టు సరిపోయింది.

సుజన దాన్ని ముచ్చటపడి తెచ్చుకోలేదు. ఆమె విశాఖపట్నంలో, ఎండాడ కొండమీద ఉన్న సాగరిక పక్షి పరిశోధనాలయంలో దీపాల ఇంజినీరు. మన కంటికి నిలకడగా వెలిగే ట్యూబులైటు పక్షి కంటికి టపటపా కొట్టుకుంటూ కనిపిస్తుంది. ఏ వెలుతురు ఏ పక్షిని చికాకు పెడుతుందో తేల్చడం ఆమె పని. అక్కడొక పాత ప్రయోగం ముగిశాక మిగిలిన పధ్నాలుగు చిలకలను ఉద్యోగుల ఇళ్ళకు పంచారు. ప్రతి చిలకతోపాటు ఒక పుస్తకం ఇచ్చారు. తిండి, నిద్ర, అరుపులు, పీక్కున్న ఈకలు అన్నీ అందులో రాయాలి. నెలాఖరున "నేను కళ్ళారా చూశాను" అన్న అచ్చుమాట కింద ఆ ఇంటివాళ్ళే సంతకం పెట్టాలి. ఆ సంతకం లేకపోతే పేజీలో ఎన్ని లెక్కలున్నా, ప్రయోగాలకు అనుమతులిచ్చే నైతిక సంఘం ముట్టుకోదు. యంత్రాలను నమ్మని పాతకాలపు డైరెక్టరెవరో పెట్టిన నియమం అది. అందరూ విసుక్కునేవారు, అందరూ పెట్టేవారు.

సుజన భర్త ఢిల్లేశ్వరరావు సరుకు ఓడ మీద ఇంజను గదిలో పనిచేస్తాడు. ఆరు నెలలు సముద్రం, రెండు నెలలు ఇల్లు. పిల్ల చైత్రకు తొమ్మిదేళ్ళు. సుజన పొద్దున్న ఎనిమిదింటికి బయలుదేరితే ఆరిలోవలోని ఆ మూడో అంతస్తు ఇంటికి తిరిగొచ్చేసరికి ఏడు. చైత్ర మూడున్నరకు బడినుంచి వచ్చి తాళం తీసుకుంటుంది. అప్పలకొండమ్మ తెల్లారకముందే లేచి చేపల రేవుకు వెళ్ళే మనిషి కాబట్టి మధ్యాహ్నం నుంచి ఒళ్ళు తెలియకుండా పడుకుంటుంది. అంటే బుగత ఏడున్నర గంటలు ఒక్కతే. ఆ తర్వాత మూడున్నర గంటలు ఇంకో ఒంటరిదానితో కలిసి ఒంటరిగా.

చిలకకు తోచకపోతే తన ఈకలు తనే పీక్కుంటుంది. రెండు నెలల్లో బుగత రొమ్ము వలిచిన కోడిలా తయారైంది. సుజన చేయనిది లేదు. రేడియో పెట్టింది. చింతకొమ్మలు కట్టింది. వేరుశనగ కాయలను కాగితాల్లో చుట్టి పంజరమంతా దాచింది. బుగత గంటలో అన్నీ వెతికి తినేసి, కాగితాలు చింపి కింద పోసి, మిగతా రోజంతా తనమీద పడేది. సాయంత్రం తలుపు తెరిస్తే నేలమీద బూడిదరంగు ఈకలు, గుమ్మం దగ్గర పిల్ల.

"ఇంతసేపేటమ్మా?" అనేది చైత్ర. రోజూ అదే మాట, అదే మూతి విరుపు.

"బస్సు దొరకలేదే," అనేది సుజన. నిజానికి దొరికేది. పని తెమిలేది కాదు.

నిమిషదీపం పుట్టింది ఈ తలనొప్పి నుంచే. ఒకనాడు ప్రయోగశాలలో సుజన ఒక చిలక ముందు దీపం కొట్టుకునే వేగాన్ని మారుస్తోంది. ఒకచోట ఆ చిలక చికాకుపడడం మానేసింది. నిద్రా కాదు, మత్తూ కాదు. గింజలు తింటోంది, నీళ్ళు తాగుతోంది, రెక్క సర్దుకుంటోంది. కానీ తలుపు వైపు చూడడం లేదు. ఆ దీపాన్నే చిన్న గాజు బుడ్డిలో, సాయంత్రం ఏడింటికి దానంతటదే ఆరిపోయేలా అమర్చి, సుజన అనుమతి తీసుకుని ఇంటికి తెచ్చింది.

ఆమెకూ బుగతకూ ఒక అలవాటు ఉంది. పొద్దున్న వెళ్తూ సుజన ఈలలో సగం వేస్తుంది. చిన్నప్పుడు వాళ్ళ వీధిలో పాలవాడు వేసే ఈల అది. మిగతా సగం బుగత వెంటనే అందుకుంటుంది. ఆ రోజు దీపం వెలిగించి, సగం ఈల వేసి, జవాబు వినకుండానే తలుపు వేసుకుని వెళ్ళిపోయింది. సాయంత్రం ఏడింటికి తలుపు తెరిచింది. బుగత తల తిప్పి, పొద్దుటి ఈల మిగతా సగం వేసింది.

మధ్యలో పదకొండు గంటలున్నాయి. దానికి మాత్రం లేవు.

సుజన అక్కడే గుమ్మంలో చతికిలబడి నవ్వింది, కళ్ళనీళ్ళు తుడుచుకుంది. నేలమీద ఒక్క ఈక లేదు. తనిక పాపాత్మురాలు కాదు. ఉద్యోగం చేసుకోవచ్చు, చిలకా బాగుంటుంది. ఇంతకంటే ఏం కావాలి మనిషికి?

డైరెక్టరు కోదండపాణి గారైతే పుస్తకం తిరగేసి లేచి నిలబడ్డారు. గోదావరి జిల్లా మనిషి, మాట నెమ్మది, మనసూ మెత్తనే. "అరుపులు సున్నా. పీకిన ఈకలు సున్నా. తృప్తి నూటికి తొంభై ఎనిమిది! ఏవమ్మా సుజనా, ఎంత పని చేశావు!" అన్నారు. నెల తిరక్కుండా పధ్నాలుగు ఇళ్ళలోనూ దీపాలు వెలిగాయి. పంజరాలు చూసుకునే పైడిరాజు తన ఇంటి చిలకకు కూడా పట్టుకెళ్ళాడు. మనుషులకు ప్రమాదం ఉంటుందేమోనని ఎవరో అడిగితే, మనిషి కన్ను ఆ వేగాన్ని అందుకోలేదని సుజనే రాసిచ్చింది.

ఎనిమిది నెలలు ఇల్లు చల్లగా ఉంది. బుగత రొమ్ము మీద మళ్ళీ ఈకలొచ్చాయి. చైత్ర కూడా పెద్దదైపోయినట్టు కనిపించింది. దీపావళి వెళ్ళాక గుమ్మం దగ్గర నిలబడడం మానేసింది, ఇంతసేపేటని అడగడం మానేసింది. పిల్లకు బుద్ధి తెలుస్తోందని సుజన మురిసిపోయింది. ఫోనులో భర్తకు కూడా చెప్పింది. ఏ తల్లయినా చెప్పుకునే మాటే.

ఒక ఆదివారం అప్పలకొండమ్మ కవ్వ చేపలు ఇవ్వడానికి వచ్చి, పంజరం ముందు నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది. "ఏటే సుజనా, మీ బుగతకి నోరు పడిపోనాదేటి? ఇదివరకు నా గొంతుతో నన్నే తిట్టీవోడు. లిఫ్టు తలుపులాగ మాటాడీవోడు. కుక్కరు ఈలేసీవోడు. ఇప్పుడు ఆ పాత మాటలే గానీ ఒక్క కొత్త కూతైనా ఉందా?"

"పెద్దదవుతోంది కదత్తా, నెమ్మదించింది," అంది సుజన.

"ఆడికి యాభై ఏళ్ళ ఆయుస్సని నువ్వేగదే సెప్పేవు! అప్పుడే ముసిలోడైపోనాడా?" అని ఆవిడ గిన్నె అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. సుజన ఆ మాటను అప్పటికి కవ్వల పులుసులో కలిపేసింది.

మాఘమాసంలో ఒక మంగళవారం కొండమీద కరెంటు తీగ తెగి, ప్రయోగశాలను మూడింటికే మూసేశారు. ఇంత పెందలాడే ఇల్లు చేరడం సుజనకు పండగే. దారిలో వేడివేడి బజ్జీలు కట్టించుకుంది. నాలుగున్నరకు తలుపు తోసి, "చైత్రా!" అని పిలిచింది.

జవాబు లేదు. పంజరం ముందు, మూరెడు దూరంలో, ఎత్తుపీట మీద చైత్ర కూర్చుని ఉంది. బడి బట్టలు ఇంకా మార్చలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఒళ్ళో లెక్కల పుస్తకం, చేతిలో పెన్సిలు, పేజీ మీద ఒకటో లెక్క నంబరు. పక్కన పాలగ్లాసు మీద మీగడ తొక్క కట్టింది. అటు పంజరంలో చిలక, ఇటు పీట మీద పిల్ల, మధ్యలో దీపం. ఇద్దరూ ఎంతో హాయిగా ఉన్నారు.

సుజన పరుగెత్తి ప్లగ్గు పీకింది. బజ్జీల పొట్లం ఎక్కడ పడిందో చూసుకోలేదు.

చైత్ర రెప్పలు టపటపలాడించి, "అమ్మా, వచ్చీసావా? నేనిప్పుడే వచ్చి కూకున్నాను," అంది. గడియారం వైపు చూసి, "ఇవాళ ఏడు కాకుండానే వచ్చీసావే!" అని ఆశ్చర్యపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలాగ కూకుంటన్నావు?" సుజన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"దీపావళికి సెలవులిచ్చారు కదా, అప్పుడు బుగతకి నీళ్ళు మార్చడానికి దగ్గరకెళ్ళాను. వెనక్కి తిరిగీసరికి నువ్వొచ్చీసావు. మరి రోజూ అలాగే చేస్తన్నాను."

"మరి హోంవర్కో?"

"నువ్వొచ్చాక రాస్తన్నాను కదా." పిల్ల ముఖంలో తప్పు చేసిన జాడే లేదు. "ఏటైంది? బుగతకి పెట్టేవు కదా. నాకెందుకు పెట్టలేదు?"

సుజన పిల్లను ఒళ్ళోకి లాక్కుని కూర్చుంది. మూడు నెలల సాయంత్రాలు. ఆ పిల్ల బాల్కనీలో నిలబడి చూడాల్సిన గాలిపటాలు, కింద పిల్లలతో పడాల్సిన తగవులు, తోచక గోడమీద గీయాల్సిన బొమ్మలు, అమ్మ మీద పెంచుకోవాల్సిన కోపం. వాటిని ఏ దొంగా ఎత్తుకుపోలేదు. తను చేసిన దీపమే తాగేసింది. మనిషి కన్ను అందుకోలేదని సంతకం పెట్టిన చెయ్యి కూడా తనదే. మూరెడు దగ్గరికి ఎవరైనా వస్తే ఏమవుతుందోనన్న ఆలోచన ఒక్క ఇంజినీరుకూ రాలేదు.

మర్నాడు పొద్దున్నే సుజన పెద్ద పొరపాటు చేసింది. ప్రమాదాన్ని ప్రమాదమని చెబితే పెద్దలు ఆపుతారనుకుంది. జరిగినదంతా నాలుగు పేజీలు రాసి, కోదండపాణి గారి బల్లమీద పెట్టి, దీపాలన్నీ వెంటనే వెనక్కి తెప్పించమంది.

ఆయన కళ్ళజోడు సవరించుకుంటూ చదివారు. చదువుతున్నకొద్దీ ముఖం విప్పారింది. "అంటే మనుషుల మీద కూడా పనిచేస్తుందన్నమాట!" అన్నారు.

సుజన ఏదో తప్పుగా విన్నాననుకుంది.

"పాపకేమన్నా తలనొప్పా? వాంతులా? తిండి తినడం లేదా?"

"అలాంటివేం లేవు సార్. కానీ..."

"చూశావా! ఆస్పత్రిలో డయాలిసిస్ కోసం నాలుగేసి గంటలు పడుకునేవాళ్ళున్నారు. తల్లులు డ్యూటీకి వెళ్తే గదుల్లో ఏడ్చే పిల్లలున్నారు. ఎదురుచూడ్డం ఎంత నరకవమ్మా! దాన్ని తీసేస్తే తప్పేవిటి చెప్పు?" ఆయన గొంతులో వంచన లేదు, అదే సుజనను భయపెట్టింది. "ముందు మన ఉద్యోగుల పిల్లలకే ఒక గది కట్టిద్దాం. ప్రాజెక్టు నీ చేతికే ఇస్తాను. నైతిక సంఘానికి బుగత ఎనిమిది నెలల పుస్తకం పంపాలి. చివర హాని ఏమీ లేదన్న పేజీ మీద నీ సంతకం ఒక్కటే బాకీ. అది లేకపోతే మిగతా పేజీలేవీ చెల్లవు."

సుజన ఆ పుస్తకాన్ని సంచిలో వేసుకుని లేచింది. "ఇంటికెళ్ళి చూసి చెబుతాను సార్," అంది. ఎన్నడూ లేనిది మధ్యాహ్నం రెండింటికి కొండ దిగింది. ఎవర్నీ అడగలేదు.

పాత రికార్డింగులు ఉన్నాయి. దీపానికి ముందు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు బుగత అరుపులు లెక్కించడానికి పెట్టిన మైకులో పడ్డవి. ఆ యంత్రం అరుపులనే లెక్కపెట్టేది, మిగతాదంతా ఉత్త చప్పుడని వదిలేసేది. సుజన, చైత్ర చాప మీద కూర్చుని ఆ ఉత్త చప్పుడు విన్నారు.

మధ్యాహ్నం పన్నెండు. ఖాళీ ఇల్లు. బుగత గొంతు తగ్గించుకుని తనలో తను గొణుక్కుంటోంది. "ఏటే... ఏటే గు... ఏటే గుం..." ఒక నిమిషం మౌనం. మళ్ళీ మొదలు. సరిగ్గా రాకపోతే చిరాగ్గా ముక్కుతో పంజరం ఊచను కొట్టడం. రెండు రోజుల తర్వాతి రికార్డింగులో అప్పలకొండమ్మ ఫోనులో మనవరాలిని పిలిచే పిలుపు, అచ్చుగుద్దినట్టు, "ఏటే గుంటా!" ఆ వెంటనే ఒక తృప్తి గురక.

"అది చదువుకుంటందమ్మా!" అంది చైత్ర.

అవును. ఎవరూ లేనప్పుడు అది బడి పెట్టుకుంది. సాయంత్రం ఇంటికొచ్చేవాళ్ళకు అప్పజెప్పాలని పగలంతా వల్లెవేసింది. సుజన కాగితం తీసి లెక్క రాసింది. దీపానికి ముందు నెలకు రెండు మూడు కొత్త మాటలు. దీపం వెలిగాక, ఎనిమిది నెలల్లో, ఒక్కటీ లేదు. నూటికి తొంభై ఎనిమిది తృప్తి అంటే ఇదన్నమాట. గోల లేకపోతే సుఖమనుకున్నారు. ఆ లెక్క ఎక్కడ నేర్చారో తెలియదు గానీ, అందరూ పెద్ద చదువులు చదివినవాళ్ళే.

దీపం అటక ఎక్కింది. తర్వాతి మూడు వారాలూ ఆ ఇంట్లో ఎవరూ సుఖంగా లేరు. బుగత గొంతు చించుకుని అరిచింది. రొమ్ము మీద ఈకలు నాలుగు పీకింది. చైత్ర కూడా తక్కువ తినలేదు. "తోచట్లేదు! నీకేం, నీకు ఆఫీసుంది!" అని తలుపులు దబదబా వేసింది. ఆ తలుపు చప్పుడు వింటుంటే సుజనకు బాధగానూ ఉంది, ఎందుకో ప్రాణం లేచొచ్చినట్టుగానూ ఉంది.

రోజూ రెండింటికి లేచి వచ్చేస్తోంది. మెమోలు రెండొచ్చాయి, డ్రాయరులో పడేసింది. బుగత పుస్తకంలో కొత్త పేజీ మొదలుపెట్టింది. పరికరం అన్న గడిలో ఇదివరకు నిమిషదీపం అని ఉండేచోట "సుజన, చైత్ర, అప్పలకొండమ్మ" అని రాసింది. అప్పలకొండమ్మ రేవు నుంచి వచ్చాక పంజరాన్ని తన వాకిట్లో పెట్టుకుని, చేపలు శుభ్రం చేస్తూ బుగతతో ఊరందరి మీదా చాడీలు చెబుతోంది. చైత్ర వేరుశనగల కాగితాలకు ముడులు వేయడం నేర్చింది, ఒక్కో ముడి విప్పడానికి బుగతకు పావుగంట పడుతోంది. అయినా రోజుకు మూడు నాలుగు గంటలు అది ఒక్కతే ఉంటుంది. అప్పుడేం చేస్తోందో సుజన మైకు పెట్టి వినలేదు. ఒకళ్ళ బడిలోకి తొంగిచూడడం బాగుండదనిపించింది.

ఫాల్గుణంలో పిలుపు వచ్చింది. ఉదయం పదింటికి విచారణ. బల్ల చుట్టూ ఐదుగురు. మధ్యలో కోదండపాణి గారు, ఆయన ముందు, హాని లేదని మళ్ళీ అచ్చు వేయించిన సంతకం లేని పేజీ.

"మూడు వారాలుగా పూర్తి పని గంటలు చేయడం లేదు మీరు," అన్నాడు ఒకాయన.

"లేదండి, చేయడం లేదు," అంది సుజన.

"కారణం?"

"ఇంటి దగ్గర చిలక ఉంది. పిల్ల ఉంది."

ఎవరో నవ్వారు. కోదండపాణి గారు నవ్వలేదు. "సుజనా, ఆ ఇబ్బంది పోవడానికే కదమ్మా నువ్వు దీపం కనిపెట్టింది?"

"అవును సార్. చిలక రోజుని చిన్నది చేద్దామనుకున్నాను. నా పని రోజుని చిన్నది చేసుకోవచ్చన్న ఆలోచన నాకు రాలేదు. మీకెవరికీ కూడా రాలేదు. వెలుతురు వేగం మార్చడం వచ్చు గానీ రెండింటికి ఇంటికెళ్ళిపోవడం రాదు మనకి."

"భావోద్వేగాలు వద్దు. హాని చూపించండి," అన్నాడు మొదటాయన.

సుజన లెక్క కాగితం ముందుకు తోసింది. "ఎనిమిది నెలలు, కొత్త మాటలు సున్నా. మీ పద్ధతిలో సున్నా వస్తే మంచిదని రాసుకుంటారు. నేను రాయను."

ఆయన కాగితం కేసి చూసి, "మాటలు మా కొలతల్లో లేవే," అన్నాడు.

మధ్యాహ్నం అయింది. వాళ్ళు భోజనానికి లేచి, మళ్ళీ వచ్చి, మళ్ళీ మొదటినుంచి అడిగారు. మూడైంది. నాలుగైంది. సంతకం పెడితే ఇప్పుడే వెళ్ళొచ్చన్నారు. ఆమె చేతులు కట్టుకుని కూర్చుంది. చివరికి కోదండపాణి గారు మిగతా నలుగుర్నీ బయటకు పంపి, కుర్చీ దగ్గరగా లాక్కున్నారు.

"ఒక్క మాట అడుగుతాను, తండ్రిలాంటివాణ్ణి. మీ ఆయన ఓడెక్కినప్పుడల్లా ఆరు నెలలు. అవి ఆరు రోజుల్లా గడిచిపోతే బాగుండునని నీకు ఎన్నడూ అనిపించలేదూ?"

సుజనకు అనిపించింది. చాలాసార్లు. నెలకోసారి వచ్చే ఫోను మధ్యలో తెగిపోయినప్పుడు, పిల్లకు జ్వరమొచ్చి ఒంటిచేత్తో ఆటో ఆపినప్పుడు, దండెం మీద తన చీరలే ఆరుతున్నప్పుడు. ఆ దీపం ముందు కూర్చోవాలన్న కోరిక ఆ క్షణాన కూడా ఆమెకు కలిగింది. దాన్ని దాచుకోవలసిన అవసరం ఆమెకు కనిపించలేదు.

"అనిపించింది సార్. ఇప్పుడూ అనిపిస్తంది. కానీ పోయినసారి ఆయన ఓడ మీద ఉన్న ఆరునెలల్లో చైత్రకి రెండు పళ్ళూడి కొత్తవొచ్చాయి. నేను స్కూటరు నేర్చుకున్నాను. ఆయన మీద మూడుసార్లు అలిగాను, ఆయనకి తెలీకుండానే రాజీపడ్డాను. అవన్నీ ఎవరికిచ్చీమంటారు? ఎదురుచూడ్డం బాధే. ఆ బాధ నాది. నా కూతురిది దానిది. చిలకది దానిది. నేను సంతకం పెట్టను."

"పెట్టకపోతే ఉద్యోగం ఉండదమ్మా," అన్నారాయన, నిజంగానే బాధపడుతూ.

"నేను పెట్టకపోతే ఆ ఎనిమిది నెలల పుస్తకమూ ఉండదు కదా సార్," అంది సుజన.

ఐదున్నరకు కాగితం చేతికిచ్చారు. పూర్తికాలపు ఉద్యోగానికి తగదని రాసి ఉంది. సుజన నిలబడే చదివి, "ఈ ముక్క మాత్రం నిజమే," అని మడిచి సంచిలో పెట్టుకుంది. పంజరాల గది ముందునుంచి వెళ్తుంటే పైడిరాజు ఊడ్చే చీపురు ఆపి దగ్గరకొచ్చాడు.

"మేడమ్, మా ఇంట్లో దీపం కూడా ఆర్పీసేను. నెలాఖరుకి నాది కూడా సంతకం ఉండదు," అన్నాడు. మిగతావాళ్ళ సంగతి తనకు తెలియదని, అడిగి చూస్తానని కూడా చెప్పాడు.

బస్సులో నిలబడి వస్తూ మడిచిన కాగితాన్ని మళ్ళీ తీసి చదివింది. ఇన్నేళ్ళ ఉద్యోగం. రేపు పొద్దున్న ఎనిమిదింటికి ఏం చేయాలో తెలియదు. పైగా రెండింటికే బయలుదేరి వచ్చేస్తానని పొద్దున్న పిల్లకు మాటిచ్చింది. సగం ఈల వేసి, మిగతా సగం బుగత నోటినుంచి విని మరీ బయలుదేరింది. ఇప్పుడు ఏడు కావస్తోంది.

మెట్లెక్కి తలుపు తోసింది. చైత్ర గుమ్మం దగ్గర లేదు. బాల్కనీలో, పంజరం పక్కన, గచ్చు మీద బోర్లా పడుకుని సుద్దముక్కతో ఓడ బొమ్మ గీస్తోంది. ఓడ ఈ గోడ నుంచి ఆ గోడదాకా ఉంది. సాయంత్రమంతా పట్టి ఉంటుంది దానికి.

బుగత కమ్మీ మీద రెండడుగులు పక్కకు నడిచింది. లేతపసుపు కళ్ళతో సుజనను పైనుంచి కిందిదాకా చూసింది. ఈల వేయలేదు. మెడ సాచి, చైత్ర గొంతుతో, ఆ మూతి విరుపుతో సహా, గట్టిగా అడిగింది.

"ఇంతసేపేటి?"

సంచీ సుజన భుజం మీదినుంచి జారిపోయింది. చైత్ర గభాలున లేచి కూర్చుంది. "అమ్మా! నేను కాదు! నేననలేదు! బుగతే!"

"విన్నానే," అంది సుజన. ఆమెకు నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది, రెండూ వచ్చేశాయి. ఎవరూ లేని గంటల్లో, ఎన్ని మధ్యాహ్నాలు వల్లెవేసిందో ఆ ఒక్క మాటని. దీపం ముందు కూర్చున్న ప్రాణికి ఆ మాట అవసరమే రాదు. ఎంతసేపయిందో తెలిసినవాళ్ళే అడగగలరు.

"ఇంతసేపేటి?" బుగత మళ్ళీ అడిగింది. జవాబు రాకపోతే వదిలేలా లేదు.

సుజన పంజరం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఈసారి బస్సు మీద నెపం పెట్టలేదు. "మీ ఇద్దరి గురించీ దెబ్బలాడొచ్చాను. ఆళ్ళు సంతకం పెట్టమన్నారు, పెట్టలేదు. అందుకే ఇంతసేపు."

"గెలిచావా?" అంది చైత్ర.

"తెలీదు. ఓడిపోలేదు. ఆ పుస్తకం ఇలా తే."

కొత్త మాటలు అన్న గడి ఆ పుస్తకంలో ఎప్పుడూ లేదు. సుజన తనే పేజీలో ఒకటి గీసి, అందులో తేదీ వేసి, ఆరూ యాభై అని సమయం వేసి, బుగత అన్న మాటను అన్నది అన్నట్టు రాసింది. రేపు ఈ పేజీ నైతిక సంఘానికి పోతుంది, ఉద్యోగం ఉన్నా లేకపోయినా. "నేను కళ్ళారా చూశాను" అన్న అచ్చుమాట కింద సంతకం పెట్టింది. సిరా ఆరకముందే చైత్ర ఆమె చేతిలోంచి పెన్ను లాక్కుంది.

"జరుగమ్మా. ఇవాళ నేను కూడా చూశాను కదా," అని, తల్లి పేరు పక్కన ఖాళీ ఉన్నంత మేరా తన పేరు పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది.